ఊపిరిదారి మీద దీపం

దేశపటం గీసేవాడికేం పోయింది? తెల్లటి గుడ్డ మీద చూపుడువేలు ఆనించి ఇటు నుంచి అటు జరిపితే చాలు, పర్వతాలు దాటిపోతాయి, నదులు వెనకబడిపోతాయి, నాలుగు రోజుల నడక నాలుగు వేళ్ల వెడల్పుకు వచ్చేస్తుంది. రత్నకూట రాజ్యంలో ఆస్థాన పటచిత్రకారుడైన సోమిలుడు గండిసీమను అలా ముప్ఫైసార్లు దాటినవాడే. అలా దాటుతూ ఒక్కసారైనా కూర్చున్న పీట మీంచి లేచింది మాత్రం లేదు. వర్తకులు చెప్పింది విని, తనకు తోచింది కలిపి, కొండలకు నీలం, కనుమలకు ఎరుపు పూసి రాజుగారి చేత చేతికి కంకణం తొడిగించుకున్నాడు. ఇప్పుడా పాపం పండింది. మూడు రోజులుగా ఆ ఎర్రగీతల మీద సొంత కాళ్లతో నడుస్తున్నాడు. వీపున ఉప్పుగంప. ఆ గంపలో ఏడాది నిండని రాజకుమారుడు.

ఏం జరిగిందంటే, నీలజంఘుడనే మాంత్రికుడు మంత్రి వేషంలో కొలువుకు వచ్చి జయకీర్తి మహారాజును శిలానిద్రలో ముంచేశాడు. కన్నకొడుకు తండ్రి నుదుటి మీద చెయ్యి వేసి 'నాన్నా' అని పిలిస్తే తప్ప ఆ నిద్ర విడిపోదు. కొడుకు అభయకీర్తికా, ఇంకా మాటే రాలేదు. ఆ మాట వచ్చేలోగా బిడ్డను చేజిక్కించుకోవాలని మాంత్రికుడు, వచ్చేదాకా దాచాలని తల్లి. మహారాణి హేమవల్లి పసివాణ్ని తన పైటకొంగు చింపిన గుడ్డలో చుట్టి సోమిలుడి చేతుల్లో పెట్టింది.

"గండిసీమ దారులు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవటగా! కొండల ఆవల మా నాన్నగారి శ్వేతదుర్గానికి చేర్చు. దారిలో ఎవరి చేతికీ ఇవ్వకు నాయనా. ఆ మాంత్రికుడు ముఖం దొంగిలించగలడు, గొంతు దొంగిలించగలడు. బుద్ధి ఒక్కటే వాడి సొంతం. ఎవరిని చూసి నమ్ముతావో, ఎవరి మాట విని నమ్ముతావో, అంతా నీ చేతుల్లోనే ఉంది" అంది.

'తెలియదు' అనే నాలుగక్షరాలు ఆ క్షణాన సోమిలుడి నోట రాలేదు. రాకపోబట్టే ఈ అవస్థ.

గండిసీమ అంటే మాటలా! ఉత్తరాన రత్నకూటం, దక్షిణాన శ్వేతదుర్గం. నడుమ మూడు పేటల హారంలా మూడు కొండవరుసలు. మొదటి వరుస పచ్చన, వెదురు డొంకలు, జలజలమనే వాగులు, తేనెపట్లు వేలాడే రాతి చూరులు. రెండవది ఎర్రన, గాలికి కోసుకుపోయి గుర్రాల మెడల్లా, గోపురాల కొసల్లా నిలిచిన శిలలు. మూడవది నల్లన. దాని శిఖరాలను ఎవరూ పూర్తిగా చూసింది లేదు, ఎప్పుడూ మబ్బు తలపాగా చుట్టుకునే ఉంటాయి. ఆ మూడు వరుసల్నీ కోసుకుంటూ వంకరేరు పాతాళంలో ఎక్కడో ఘోషిస్తూ పారుతుంది. పైనుంచి రాయి వేస్తే చప్పుడు వినేలోగా గుక్కెడు నీళ్లు తాగి మూతి తుడుచుకోవచ్చు. దాటడానికి కనుమలు ఐదే ఐదు. నాలుగింటి మీద ఇప్పటికే మాంత్రికుడి జెండాలు ఎగురుతున్నాయి. మిగిలింది ఐదవది. సోమిలుడు తన పటంలో దాన్ని 'రాజమార్గము' అని రాసి పక్కన చిన్న ఏనుగు బొమ్మ కూడా వేశాడు.

"ఏనుగా?" అంటూ ఆ పటం చూసి దుగ్గమ్మ పడీపడీ నవ్వింది. "బావూ, ఆ దారిన మా మేకలే పక్కకి తిరిగి నడుస్తాయి!"

దుగ్గమ్మ గండిసీమ ఉప్పుమోత. యాభై ఏళ్లుగా ఇటు ఉప్పు అటు, అటు తేనె ఇటు వీపు మీద మోస్తున్న మనిషి. కాళ్లు వేపమొద్దుల్లా ఉంటాయి. నాలుక కూడా అంత మెత్తనిదేం కాదు. కొండ మొదట్లో సోమిలుడు తానొక ఉప్పు వర్తకుడినని బొంకి ఆమెను దారి చూపడానికి కుదుర్చుకున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం గంపలోంచి కేర్‌మని ఏడుపు వినబడింది. దుగ్గమ్మ వెనక్కి తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఉప్పు ఏడవడం నా యాభయ్యేళ్ల మోతలో యినలేదు బావూ. నిజం సెప్పు."

చెప్పాడు. ఆమె చివరిదాకా వింది. తేనెలో ముంచిన గుడ్డకొస బిడ్డ నోట్లో పెట్టి, తన మేకబొచ్చు తాడుతో గంపను ఇంకో చుట్టు బిగించి, ముందు నడిచింది. ఆ తాడు అక్కడి ఆడవాళ్లందరి నడుముకూ ఉంటుంది. అక్కడి ఆడది తాళి లేకపోయినా ఉంటుంది గానీ తాడు లేకుండా ఉండదు.

ఆ సీమ జనం తీరే వేరు. దూరాన్ని కోసుల్లో చెప్పరు, పిలుపుల్లో చెబుతారు: గొంతెత్తి అరిస్తే వినబడేంత మేర ఒక పిలుపు. ఎదురుపడితే 'బాగున్నారా' అనరు, 'కాలు నిలిచిందా?' అంటారు. 'నిలిచింది' అంటే అన్నీ బాగున్నట్టే. ఇరుకుదారి మొదట్లో ప్రతిచోటా ఒక పిలుపురాయి ఉంటుంది. దాని మీద అరచెయ్యి వేసి, తానెవరో కాదు, తానేం మోస్తున్నాడో అరచి చెప్పాలి. బరువున్నవాడు 'బరువు' అనాలి. వట్టిచేతుల వాడు 'ఒట్టి' అనాలి. బరువుకు ఒట్టి దారి ఇవ్వాలి. ఆ రాయి మీద చెయ్యి పెట్టి అబద్ధమాడినవాణ్ని దారి ఉంచుకోదని వాళ్ల నమ్మకం.

ఈ రోజు ఉదయం చిన్న ఇరుకొకటి వచ్చింది. సోమిలుడు పాఠం అప్పజెప్పే పిల్లాడిలా రాయి మీద చెయ్యి వేసి "బరువు!" అని అరిచాడు.

చెంప ఛెళ్లుమంది. రాజుగారి కంకణం తొడుక్కున్న మనిషి చెయ్యి చెంపకు పోయింది.

"బిడ్డని బరువంటావేటి!" దుగ్గమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. "బిడ్డ బరువైతే ఈ కొండల్లో మేం ఒక్కరం మిగులుదుమా? పదిమంది తల్లులు పది బరువులు దింపేసుకుని ఎప్పుడో కిందకి దిగిపోదురు. దీపం అనాలి. బిడ్డని మోసేవోడు 'దీపం' అనాలి. రాయికి దండం పెట్టు. పెట్టి మళ్లీ అను."

"తప్పయిపోయింది అవ్వా" అని సోమిలుడు రాయికి దండం పెట్టాడు.

"దీపం అని యినబడితే దారిలో ఎవరున్నా, ఎంత బరువున్నా, ఎక్కడోళ్లక్కడ గోడకి వీపానించి కూసుండిపోతారు. నిలబడ్డోడు జారతాడు, కూసున్నోడు జారడు. ఒడిలోంచి ఒడిలోకి అందిస్తారు బిడ్డని. అందుకున్న ప్రతివోడూ 'దీపం అందింది' అని అరుస్తాడు. మా తాతల కాడ్నించి ఒక్క దీపం కింద పడలేదు."

"బయటివాళ్లకు ఈ మాట తెలుసా?"

"మాతో నడిస్తే కదా తెలీడానికి! బయటోళ్లకి దీపం అంటే దీపమే."

చెంప మంట తగ్గక ముందే లోయలోంచి వేటకుక్కల మొరుగుడు వినిపించింది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా దగ్గరవుతోంది. ఎన్ని కుక్కలు? ఎంత దూరం? రెండు పిలుపులా, మూడా? సోమిలుడు దుగ్గమ్మను అడిగాడు. ఆమె నడక వేగం పెంచింది. ఆ వేగం చూసి అతనికి మరీ భయమేసింది. గంపలో కదలిక ఆగినప్పుడల్లా చెయ్యి వెనక్కి పోనిచ్చి బిడ్డ పాదం తడుముకున్నాడు. వెచ్చగా ఉంటే ఊపిరి పీల్చుకున్నాడు.

పొద్దు నడినెత్తి దాటేసరికి ఐదవ కనుమ వచ్చింది. దాని పేరు ఊపిరిదారి. నల్లని కొండ నడుముకు గోటితో గీరినట్టు మూరెడు వెడల్పు గట్టు. కుడిచేతికి నిలువు గోడ. ఎడమచేతికి ఏమీ లేదు, తెల్లటి పొగమంచు, దాని అడుగున ఎక్కడో వంకరేటి హోరు. నిండుగా ఊపిరి పీలిస్తే పొట్ట గోడకు తగిలి మనిషిని బయటికి తోస్తుందట, అందుకని సగం సగం పీల్చి నడవాలి. అందుకే ఆ పేరు. దారి పొడుగునా గట్టు అంచు వెంబడి బెత్తెడు లోతు గుంటలు వరసగా ఉన్నాయి.

"మడమ గుంటలు" అంది దుగ్గమ్మ. "కూసున్నప్పుడు మడమలు తన్నిపట్టడానికి. మా ముత్తాతలు తొలిచినవి. అందులో కాలు పెట్టి కూసున్న ఉప్పుమోతని నీ ఏనుగొచ్చి లాగినా కదల్డు."

ఆవలి చివర ఇంకో పిలుపురాయి ఉందనీ, దాన్ని నలభై ఏళ్లుగా తన తమ్ముడు గవరయ్య కాపాడుతున్నాడనీ, అక్కడి నుంచి శ్వేతదుర్గం కోటగుమ్మం ఒక్క పిలుపు దూరమేననీ చెప్పింది. ఒక్క పిలుపు! సోమిలుడికి ప్రాణం లేచివచ్చింది. రాయి మీద చెయ్యి వెయ్యబోయాడు.

దుగ్గమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది. పొగమంచులోంచి, ఆవలివైపు నుంచి, ఒక గొంతు వచ్చింది. "బరువు!" దాని వెనకే ఇంకోటి. "బరువు!" ఇంకోటి. ఆడా మగా గొంతులు, ఒకదాని వెనక ఒకటి. దుగ్గమ్మ వేళ్లు మడుస్తూ వింది. ఇరవయ్యొక్క గొంతులు.

"మా ఊరోళ్లే" అంది గుసగుసగా. "అందరూ మావోళ్లే. కానీ గొంతులు వొణుకుతున్నాయేటి?"

గాలి ఒక్కసారి పొగమంచును తెరలా పక్కకు లాగింది. గట్టు మీద బారుగా వస్తున్నారు: ఒక ఉప్పుమోత, ఒక సైనికుడు, మళ్లీ ఒక ఉప్పుమోత, మళ్లీ ఒక సైనికుడు. సైనికుల రొమ్ముల మీద నీలజంఘుడి నీలికాలు గుర్తు. దారి అంటే భయమేసి, ప్రతి సైనికుడూ తన నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస ముందున్న మోతమనిషి నడుముకు బిగించుకున్నాడు. తాను జారితే వాడు పట్టుకుంటాడని ఒకటి, వాడు పారిపోకుండా తాను పట్టుకోవచ్చని రెండు. దొంగతెలివి అంటే అదీ! తెర మళ్లీ మూసుకుంది.

వెనక కుక్కలు. ముందు కత్తులు. పక్కన పాతాళం.

"అయిపోయింది అవ్వా" అన్నాడు సోమిలుడు. గంపను గుండెలకు హత్తుకుని కూలబడిపోయాడు. "అంతా నా వల్లే. ఏనుగు బొమ్మ వేశాను. తెలియదని ఒక్కమాట చెప్పి ఉంటే, ఆ తల్లి తెలిసినవాణ్ని ఎవరినో పంపేది."

"ఏడుపు తరవాత" అంది దుగ్గమ్మ. "లే. రాయి మీద సెయ్యి వెయ్యి. పిలు."

"ఏమని?"

"పొద్దున్న సెంపదెబ్బ తిని నేర్సుకున్నది ఏటి?"

సోమిలుడికి అర్థమైంది. "అందిస్తే బిడ్డ నా చేతుల్లోంచి పోతాడు. ఎవరి చేతికీ ఇవ్వనని మాటిచ్చాను!"

"ఈడుంటే నీ సేతుల్లోంచి కుక్కల నోట్లోకి పోతాడు. ఆడ ఇరవయ్యొక్క మంది ఉన్నారు. అందరూ మావోళ్లు. ఆ సివర నా తమ్ముడున్నాడు. నువ్వు నీ పటాన్ని ముప్ఫైసార్లు నమ్మినావు కదా, నా మనుషుల్ని ఒక్కపాలి నమ్ము."

మొరుగుడు ఇప్పుడు కొండమలుపు దగ్గర వినబడుతోంది. సోమిలుడు రాయి మీద అరచెయ్యి వేశాడు. మొదటిసారి గాలే వచ్చింది. రెండవసారి, ఉన్న ప్రాణమంతా కూడగట్టుకుని అరిచాడు.

"దీపం!"

పొగమంచులో కాళ్ల చప్పుడు ఠక్కున ఆగింది.

"ఎవడ్రా పట్టపగలు దీపం అడుగుతున్నది?" అని ఒక దళవాయి గొంతు విసుక్కుంది. ఆ విసుగు పూర్తి కాకముందే ఇరవయ్యొక్క మంది ఒక్క మనిషిలా కూర్చున్నారు. వీపులు గోడకు, మడమలు గుంటల్లోకి. నడుము తాళ్లు ఒక్క కుదుపుతో కిందికి లాగాయి. ఇక చూడాలి! కూర్చోవడం తెలియక, నిలబడడం చేతకాక, సైనికులు కొందరు బోర్లాపడి ఉప్పుమోతల పాదాలు కరుచుకున్నారు. కొందరు "అమ్మో, అయ్యో" అంటూ గట్టు దిగజారి, పందిరికి ఆనపకాయల్లా తాళ్లకు వేలాడారు. కత్తులు ఖణేల్‌మంటూ వంకరేటిలోకి పోయాయి. తాళ్ల రెండో కొసన కూర్చున్న ఉప్పుమోతలు మాత్రం వీసమెత్తు కదిలితే ఒట్టు.

"కదిలితే ముడి ఇప్పేస్తాం బావూ" అని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. కిందివాళ్లు కేకలు కూడా మానేశారు.

సోమిలుడు గంపలోంచి బిడ్డను తీశాడు. ఉప్పురవ్వలు అంటిన బుగ్గ. తల్లి పైటకొంగు గుడ్డను పిడికిట్లో పట్టుకుని వాడు సోమిలుణ్ని చూసి నవ్వాడు. ఆ నవ్వుకు అతని కళ్లు నిండిపోయాయి. గట్టు మొదట కూర్చున్నది ఒక నడివయసు ఆడమనిషి, దవడ మీద కొరడా దెబ్బ ఉబ్బి ఉంది. ఆమె చేతులు చాచింది. సోమిలుడి వేళ్లు వదలనన్నాయి. దుగ్గమ్మ ఒక్కొక్క వేలూ విడదీసింది.

"దీపం అందింది!" అంది ఆ మనిషి, ఒడిలోకి తీసుకుని. పక్కవాడు అందుకున్నాడు. "దీపం అందింది!" ఆ పక్క ఒక ముసలి దగ్గు, దాని వెనక "దీపం అందింది!" నాలుగు, ఐదు. ఆరవ ఒడి దాటేసరికి పొగమంచు బిడ్డను మింగేసింది. ఇక గొంతులే మిగిలాయి. దుగ్గమ్మ వేళ్లు మడుస్తోంది. సోమిలుడు ఊపిరి బిగబట్టి వింటున్నాడు. తొమ్మిది. పది. ఒక లేతగొంతు, కొత్త పెళ్లికూతురిదేమో, పదమూడు. పద్నాలుగు. ఒక గొంతు మరీ ఆలస్యమైంది, ఆ జాగులో అతను వెయ్యి చావులు చచ్చాడు. "దీపం... అందింది!" పదిహేను. కింద వేలాడే సైనికుడెవడో చెయ్యి చాచినట్టున్నాడు, ఠప్పున కాలితో తన్నిన చప్పుడు, ఒక మూలుగు. పదహారు. గొంతులు దూరమైపోతున్నాయి, సన్నబడిపోతున్నాయి.

ఇరవై. ఇరవయ్యొకటి.

"ఇంక మా గవరయ్యే" అంది దుగ్గమ్మ. బిడ్డ సంగతి తెలిశాక మొదటిసారి ఆమె ముఖం విప్పారింది. "నలభై ఏళ్లలో ఎన్ని దీపాలు అందుకున్నాడో. ఆడి గొంతు యిను, గంటలా ఉంటాది."

కొండ నిశ్శబ్దమైపోయింది. ఏటి హోరు కూడా వినబడనట్టయింది సోమిలుడికి.

ఆవలి రాయి దగ్గర నుంచి గంటలాంటి గొంతు, నిండుగా, తీరిగ్గా వచ్చింది.

"బరువు అందింది!"

దుగ్గమ్మ నవ్వు పెదాల మీదే ఉండిపోయింది. మడవబోయిన వేలు గాల్లో ఆగిపోయింది.

"గొంతు మా తమ్ముడిదే" అంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మాట మా తమ్ముడిది కాదు."

పొగమంచు అవతల బిడ్డ ఒక్కసారి కేర్‌మన్నాడు. ఆ తర్వాత వినబడలేదు.

'గొంతు దొంగిలించగలడు' అన్న మహారాణి మాట గుర్తొచ్చి, సోమిలుడు ఖాళీ గంపను విసిరేశాడు. ఇన్నాళ్లు కుంచె పట్టిన తన రెండు చేతులూ చూసుకున్నాడు. వాటిలో ఏమీ లేదు. ఎవరూ చెప్పకుండానే పిలుపురాయి మీద అరచెయ్యి వేసి, లోయ దద్దరిల్లేలా అరిచాడు.

"ఒట్టి!"

ఒట్టిచేతుల వాడు ఆగాలి, అందరికీ దారి ఇవ్వాలి, అది ఆ సీమ ధర్మం. కానీ 'బరువు అందింది' అన్న ఆ తప్పుమాట గట్టు మీద కూర్చున్న ఇరవయ్యొక్క మందీ విన్నారు. దవడ వాచిన ఆడమనిషి సోమిలుడి చీలమండ పట్టుకుని, అతని పాదాన్ని తీసి తన మోకాలి మీద పెట్టుకుంది.

"తొక్కు బావూ" అంది. "మా మీంచి తొక్కి నడు."

వెనక మొదటి కుక్క మలుపు తిరిగింది. పొగమంచులో ఒకరి పక్క ఒకరు మోకాళ్లు బిగిస్తున్న చప్పుడు చివరిదాకా సాగిపోయింది.